అంగడి అనుభవమే అర్హత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు విద్యాదానము చేయుచున్న గ్రంథాలయము యొక్క రజతోత్సవమున నన్ను ప్రసంగింపుమని ఆహ్వానించిన కార్యవర్గమువారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు. గ్రంథాలయ వేదికపై సాహిత్యమును గూర్చియో, సంస్కృతిని గూర్చియో మాటలాడుట పరిపాటి. నేడు నేను ఎన్నుకొన్న విషయము అంతకంటె సామాన్యమైనది. చిన్న అంగడి నడిపినవారు, చేతిపని పెట్టుకొని నాలుగు రూపాయలు గడించినవారు, తరువాత ఉద్యోగము కోరి పోవునపుడు తమ అనుభవమును ఎట్లు చెప్పుకొనవలెనను విషయమిది. ఎన్నో యిండ్లలో పొయ్యి వెలుగుట దీనిపై ఆధారపడి యున్నది గనుక పెద్దలు ఓపికతో వినగోరుచున్నాను.

మన గ్రంథాలయమునకు ఉదయము పత్రిక రాగానే అందరి చేతులలో పడి మొదట నలుగు పుట ఉద్యోగ ప్రకటనల పుట. ఆ పుట చదివి దరఖాస్తు నింపు యువకుడు ‘పూర్వానుభవము’ అను గడి వద్దకు వచ్చి ఆగును. ఆతడు అయిదారేండ్లు అంగడిలో గల్లాపెట్టె కడ కూర్చుండినవాడే. తెల్లవారుజామున పట్టణమునకు పోయి సరకు తెచ్చినవాడే. సంక్రాంతికి ఎంత బెల్లము అమ్ముడుపోవునో, ఏ యింటివారు పంట చేతికి రాగానే బాకీ తీర్తురో ఎరిగినవాడే. అయినను ఆ గడిలో ‘లేదు’ అని వ్రాయును. చదువు ముగిసిన నాటినుండి నేటివరకు గల కాలమంతయు ఆ ఒక్క మాటతో శూన్యమగును. ఆ కాగితము చదివిన అధికారి ‘ఈ ఆరేండ్లు ఇతడు ఊరక తిరిగినాడు కాబోలు’ నని తలచిన, ఆయనను తప్పుపట్టుటకు వీలులేదు.

2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలైనపుడు కిరాణా అంగళ్లకు మినహాయింపు దొరకినది. కాని టీ దుకాణములు, దర్జీ పనులు, క్షౌరశాలలు, పెండ్లి వంటల ఒప్పందములు చాలకాలము నిలిచిపోయినవి. వానిలో కొన్ని మరల తెరవబడలేదు. వానిని నడిపినవారిలో పలువురు జీతపు పని వెదకుకొనవలసి వచ్చెను. అట్టివారికి నేను చెప్పదలచినది ఒక్కటే. అంగడి మూతపడినను అది నేర్పిన విద్య మీవద్దనే యున్నది. అయితే ఆ విద్య తనంతట తాను మాటలాడదు. ఇతరులకు అర్థమగు మాటలతో, లెక్కలతో, ఆధారములతో, సత్యము తప్పక దానిని మీరే చెప్పవలెను.

మనవారు ఈ అనుభవమును దాచుకొనుటకు రెండు కారణములు కనబడుచున్నవి. పూర్వులు సేద్యమును మొదటను, వర్తకమును తరువాతను, కొలువును చివరను నిలిపిరి. కాలక్రమమున ఆ వరుస తలక్రిందులైనది. నెలజీతము వచ్చునదియే పని, తక్కినది కాలక్షేపమను భావము మన యిండ్లలో నాటుకొన్నది. ‘అబ్బాయి యేమి చేయుచున్నాడు?’ అని చుట్టములడిగిన, అంగడిలో పదునాలుగు గంటలు నిలువుకాళ్లపై పనిచేయు కుమారుని గూర్చి తండ్రియే ‘ఇంకను ఏమియు లేదు, ఇంటి పట్టుననే యున్నాడు’ అని చెప్పును. ఇది మొదటి కారణము. నష్టము వచ్చి మూసివేసిన వ్యాపారమును గూర్చి నలుగురిలో చెప్పుకొనుటకు కలుగు సిగ్గు రెండవ కారణము. ఈ రెండును తొలగవలెనన్నచో అంగడిలో జరుగునదేమో ముందుగా నిదానించి చూడవలెను.

ఒక కిరాణా అంగడిని ఉదాహరణముగా తీసికొందము. దినమునకు రూ. 6,000 అమ్మకము జరుగుననుకొనుడు. నెలకు రూ. 1,80,000 అగును. సరకుపై నూటికి 12 రూపాయలు మిగులుననుకొన్నచో రూ. 21,600. ఇందులో అద్దె 3,000, విద్యుత్తు 1,500, రవాణా 2,000, తరుగు మరియు పాడైన సరకు 1,800 పోగా రూ. 13,300 మిగులును. కాగితముపై లాభమిది. అయితే ఆ నెలలో అరువుగా ఇచ్చిన సరకులో రూ. 10,000 వసూలు కాలేదనుకొనుడు. గల్లాలో మిగులునది రూ. 3,300 మాత్రమే. అదే వారమున టోకు వర్తకునికి బాకీ చెల్లింపవలెను, పండుగ సరకు కొనవలెను. లాభము వేరు, చేతిలోని నగదు వేరు అను సత్యమును వాణిజ్యశాస్త్ర విద్యార్థి పుస్తకములో చదువును. అంగడి నడిపినవాడు దానిని నిద్రపట్టని రాత్రులందు నేర్చుకొనును. నిర్వహణ మూలధనమని బ్యాంకువారు పేర్కొనునది ఇదియే.

ఇంకను చూడుడు. చిట్టా, ఆవర్జా వ్రాయుట గణకుని పని. ఏ సరకు ఎంత నిలువయున్నది, ఏది ముందుగా కొన్నది, ఏది గడువు దాటుచున్నది అని చూచుట గిడ్డంగి అధికారి పని. బాకీదారునికి కోపము రాకుండ, అతడు అంగడి మారకుండ, సొమ్ము రాబట్టుట వసూళ్ల శాఖ పని. ధరలు తెలిసికొని నలుగురు టోకు వర్తకులతో బేరమాడుట కొనుగోళ్ల శాఖ పని. పెద్ద సంస్థలలో నలుగురైదుగురు పంచుకొని చేయు పనులను చిన్న అంగడిలో ఒక్కడే, పైవాడు చెప్పకుండనే, చేయుచుండును. ఉద్యోగమిచ్చువాడు ముఖ్యముగా తెలిసికొనగోరునవి మూడు: సొమ్ము అప్పగించిన నమ్మవచ్చునా, వెంటబడకుండ పని ముగించునా, పదిమందితో పొసగునా? ఈ మూడింటికిని అంగడి సాక్ష్యము చెప్పగలదు.

చరిత్రనుండి రెండు మూడు నిదర్శనములు మనవి చేసెదను. అమెరికా మహనీయుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముద్రణాలయము నడిపిన వర్తకుడు. ఆయన తన ఆత్మకథలో ఒక వనితను గూర్చి వ్రాసెను. దక్షిణ కరొలైనాలోని చార్లెస్టన్ పట్టణమున ఆయన భాగస్వామిగా ముద్రణాలయము నడిపిన లూయీ తిమోతీ సరియైన లెక్కలు పంపలేకపోయెను. 1738లో ఆతడు మరణింపగా, భార్య ఎలిజబెత్ తిమోతీ ఆ పని చేపట్టెను. ఆమె హాలండు దేశమున పెరిగినది. అచట స్త్రీవిద్యలో జమాఖర్చు లెక్కలు ఒక భాగము. ఆమె పాత లెక్కలను సాధ్యమైనంతవరకు చక్కజేసి పంపి, అటుపిమ్మట ప్రతి మూడు మాసములకు తప్పక లెక్క పంపుచు, బిడ్డలను పెంచి, గడువు ముగిసినంతనే ముద్రణాలయమును కొని కుమారునికి అప్పగించెను. యువతులకు నాట్యసంగీతములకంటె లెక్కల విద్య ఎక్కువ మేలు చేయునని ఫ్రాంక్లిన్ దీనినుండి గ్రహించెను. ఆయన ఆమె గుణమును గుర్తించుటకు ఆధారమైనవి మూడు మాసములకొకసారి చేరిన ఆ లెక్క కాగితములే యని మనము మరువరాదు.

నష్టమునకు సిగ్గుపడువారు హ్యారీ ట్రూమన్ జీవితమును చూడవలెను. ఆయన 1919లో ఒక మిత్రునితో కలిసి కాన్సాస్ సిటీలో పురుషుల దుస్తుల అంగడి పెట్టెను. వ్యాపార మాంద్యము వచ్చి 1922లో అది మూతపడెను. ఆయన దివాలా దరఖాస్తు పెట్టక, పెక్కేండ్లు శ్రమించి బాకీలు తీర్చెను. అదే 1922లో జాక్సన్ కౌంటీ పాలక పదవికి ఎన్నికయ్యెను. ఆ పదవికి న్యాయమూర్తియని పేరే గాని, రోడ్లు వేయించుట, ప్రజాధనము లెక్క చూచుట అందలి పని. 1945లో ఆయన అమెరికా అధ్యక్షుడయ్యెను. అంగడి పెట్టినవారందరును అధ్యక్షులగుదురని నా భావము కాదు. మూతపడిన అంగడి మనుష్యునకు తలవంపు కాదనియు, తీర్చిన బాకీ వాని యోగ్యతకు నిదర్శనమనియు మాత్రమే చెప్పుచున్నాను. మన దేశమున 2002లో రాష్ట్రపతి పదవి నలంకరించిన అబ్దుల్ కలాం గారు, బాల్యమున యుద్ధకాలములో రామేశ్వరమునందు వార్తాపత్రికలు పంచు బంధువునకు తోడ్పడి సంపాదించిన తొలి కూలిని తమ ఆత్మకథలో సంతోషముతో చెప్పుకొనిరి.

ఇక చెప్పు విధమునకు వచ్చెదను. మొదట ఆ కాలమునకు పేరు, తేదీలు పెట్టవలెను. ‘కొంతకాలము వ్యాపారము చేసితిని’ అని వ్రాసిన ప్రయోజనము లేదు. ఈ విధముగా వ్రాసి చూడుడు: ‘2015 జూన్ నుండి 2020 డిసెంబరు వరకు మా గ్రామమున కిరాణా అంగడిని స్వయముగా నడిపితిని. సుమారు 300 రకముల సరకు. నెలకు సగటున రూ. 1,80,000 అమ్మకము. 40 కుటుంబముల అరువు ఖాతాలు నిర్వహించితిని. కొనుగోలు, నిలువ, నగదు లెక్క, వసూలు నా బాధ్యతలు. ఒక సహాయకునికి పని నేర్పితిని.’ అయిదున్నర సంవత్సరముల శూన్యము ఆరు వాక్యములలో నిండినది. ఇందులో అలంకారమొక్కటియు లేదు, అంకెలున్నవి.

రెండవది, కోరు ఉద్యోగమునుబట్టి చెప్పు అంశమును ముందు నిలుపవలెను. గిడ్డంగి పనికి పోవువాడు సరకు నిలువను గూర్చి ముందుగా చెప్పవలెను. బ్యాంకు ప్రతినిధిగా పనిచేయగోరువాడు నగదు లెక్క, వసూలు, ఊరివారి నమ్మకము ముందుగా చెప్పవలెను. ఒక సంస్థ సరకును పల్లెలలో అమ్ము పనికి పోవువాడు ఏ గ్రామమున ఏ సంత ఏ వారమో తన కెరుకయని చెప్పవలెను. ఒకే కాగితమును పది చోట్లకు పంపుటకంటె, ప్రకటనను రెండు మారులు చదివి, అందడిగిన గుణములకు అంగడిలోని ఏ పని సరిపడునో గుర్తించి వ్రాయుట మేలు.

ఇందు స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. 1982లో ఆరంభమైన ద్వాక్రా పథకమునాటినుండి మన పల్లెలలో స్త్రీల పొదుపు సంఘములు పెరిగినవి. సంఘపు పుస్తకము వ్రాసిన సోదరి, తీర్మానములు నమోదు చేసి, అప్పు వాయిదాలు లెక్కగట్టి, బ్యాంకు అధికారితో మాటలాడియుండును. ఇంటివద్ద మూడు కుట్టుయంత్రములు పెట్టి, బడులు తెరచునాటికి 200 జతల దుస్తులు కుట్టి యిచ్చిన తల్లి, గుడ్డ కొలత, కూలి, గడువు, నాణ్యము అన్నియు చూచుకొనినదే. వస్త్ర కర్మాగారములో పర్యవేక్షకురాలి పనికి ఇంతకంటె దగ్గరి అనుభవమేది? కాని అడిగిన, ‘ఇంట్లో ఏదో కుట్టుకొనుచుంటిని’ అని తలవంచుకొనును. ‘మూడు యంత్రములు, ఇద్దరు పనివారు, 200 జతలు, గడువు తప్పలేదు’ అని తల యెత్తి చెప్పుట గర్వమనిపించుకొనదు.

మూడవది ఆధారము. మన చిన్న వ్యాపారములలో చాల భాగము నోటిమాటపై నడచును గనుక కాగితములు తక్కువ. అయినను వెదకిన కొన్ని దొరకును. పంచాయతీ లైసెన్సు, తూనికలు కొలతల శాఖవారు త్రాసుకు ముద్రవేసి యిచ్చిన పత్రము, తినుబండారముల వ్యాపారమైనచో ఆహారభద్రత నమోదు, 2017 జూలై 1 నుండి అమలైన జీఎస్టీ పరిధిలోనికి వచ్చినవారికి ఆ పత్రములు, బ్యాంకు ఖాతా వివరములు, యూపీఐ ద్వారా వచ్చిన చెల్లింపుల పట్టిక, ముద్రా ఋణము తీసికొని తీర్చినచో ఆ ఋణము ముగిసినట్లు బ్యాంకువారిచ్చు పత్రము, ఇవన్నియు సాక్ష్యములే. చిన్న పరిశ్రమలకు 2020 జూలై 1 నుండి ఉద్యమ్ నమోదు ఏర్పడినది. జీఎస్టీ లేని అతిచిన్న వ్యాపారుల కొరకు 2023లో ఉద్యమ్ అసిస్ట్ అను ఏర్పాటు వచ్చినది. ఈ నమోదుకు రుసుము లేదు. అంగడి ఇంకను నడుచుచున్నవారు ఉద్యోగము తలపెట్టకున్నను నమోదు చేసికొనుట మంచిది. అంగడి మూసినవారు తమకు సరకు పోసిన టోకు వర్తకునినుండి, ‘ఇన్ని యేండ్లు మావద్ద సరకు కొని సకాలమున సొమ్ము చెల్లించినాడు’ అని రెండు వాక్యములు వ్రాయించుకొనవలెను. ఎదుటివాని చేతి వ్రాతకు మన నోటిమాటకంటె విలువ యెక్కువ.

చేతిలో పనితనముండి ధ్రువపత్రము లేనివారికి మరియొక మార్గము కలదు. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని చేయుచు నేర్చుకొన్న నైపుణ్యమును పరీక్షించి ధ్రువపత్రమిచ్చు ఏర్పాటును చేర్చిరి. మోటారు మరమ్మతు, దర్జీ పని వంటి వృత్తులవారు తమ ప్రాంతమున అట్టి అవకాశమున్నదేమో విచారించుకొనవలెను.

నాలుగవది నష్టమును గూర్చి పలుకు తీరు. ముఖాముఖిలో ‘అంగడి ఎందుకు మూసితివి?’ అని తప్పక అడుగుదురు. పొరుగువానిని, ప్రభుత్వమును, గ్రహచారమును దూషించిన లాభము లేదు. జరిగినది, తాను చేసినది, దాని ఫలితము, వరుసగా చెప్పిన చాలును. ‘పెద్ద దుకాణము వచ్చినది, అమ్మకము సగమైనది, నాలుగు మాసములు చూచితిని, సరకు తగ్గించి, వసూళ్లు ముగించి, టోకు వర్తకుని బాకీ పూర్తిగా తీర్చి మూసితిని’ అని చెప్పినవానియందు అధికారికి నమ్మకము కలుగును. ఎప్పుడు ఆపవలెనో తెలిసినవాడు, పరుల సొమ్ము ముంచనివాడు ఏ సంస్థకైనను కావలసినవాడే.

ఇంకొక సందేహము కూడ వారికుండును. ‘తన యిష్టము వచ్చినట్లు నడచినవాడు ఇతరుల ఆజ్ఞకు లోబడునా? చేతిలో కొంత సొమ్ము చేరగానే మరల అంగడి పెట్టునా?’ అని. ఇది అన్యాయమైన సందేహము కాదు. దీనికి కోపగింపరాదు. ‘అంగడిలో ప్రతి కొనుగోలుదారును నాకు యజమానియే’ అని చెప్పినచో మొదటి ప్రశ్నకు సమాధానము దొరకును. రెండవదానికి మాత్రము, మనసులో నున్నది నిజముగా చెప్పుటయే మేలు.

ఇచట రెండు హెచ్చరికలు. టీ దుకాణము నడిపినవాడు తన్ను ‘ముఖ్య కార్యనిర్వహణాధికారి’ యని వ్రాసికొన్నచో నవ్వులపాలగును. లేని అమ్మకము వ్రాసినచో, ‘అద్దె యెంత? మిగిలినదెంత?’ అను రెండు ప్రశ్నలతో గుట్టు బయటపడును. అయిదు వేల అమ్మకమును నిజముగా చెప్పినవాడు ఏబది వేలు కల్పించినవానికంటె స్థిరముగా కూర్చుండగలడు. ఇది మొదటి హెచ్చరిక. వ్రాతపరీక్ష మార్కులతోనే భర్తీయగు ప్రభుత్వోద్యోగములలో అంగడి అనుభవమునకు మార్కులుండవు. ప్రకటనలో ఫలానా హోదాలో ఇన్నేండ్ల సేవ కావలెనని నియమమున్నచోట అంగడి ఆ నియమమును తీర్పజాలదు. ప్రకటన నియమములు చదివి, చెల్లుచోట చెప్పుకొనవలెను. ఇది రెండవది.

తల్లిదండ్రులకు కూడ ఒక మాట. పిల్లవాడు మీ అంగడిలో కూర్చుండినపుడు వానికి జీతమీయకున్నను, పని మాత్రము అప్పగింపుడు. ఒక వరుస సరకు, ఒక ఖాతా పుస్తకము వాని వశము చేసి నెలకొకసారి లెక్క అడుగుడు. తప్పిన దిద్దుడు. నలుగురిలో వాని పనిని పనిగా చెప్పుడు. ఇంటివారే గుర్తింపని శ్రమను పరులు గుర్తింతురని ఆశించుట కష్టము.

కడపట గ్రంథాలయమునకు నా విన్నపము. ఆంధ్ర గ్రంథాలయోద్యమము మొదటినుండియు పనిచేయు మనుష్యుని వెదకికొని పోయినది. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. 1935లో పెదపాలెమునుండి పాతూరి నాగభూషణము గారు కాలువ వెంబడి పల్లెలకు పడవలో పుస్తకములు చేర్చిరి. చదువుకొనువాడు రాలేనిచో చదువే వాని గుమ్మమునకు పోవలెనన్నది ఆనాటివారి పట్టుదల. నేడు దరఖాస్తు వ్రాయలేక ఆగిపోవు యువకుని చెంతకు మన గ్రంథాలయము పోవలెను. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. వారమునకు ఒక సాయంకాలము, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఊరిలో నలుగురు మెచ్చిన ఒక వర్తకుడు చాలును. వచ్చినవానిని ‘నీ అంగడిలో ఉదయమునుండి రాత్రివరకు ఏమి చేసితివి?’ అని అడిగి, వాడు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, అందులోనుండి ఒక పుట తీయవలెను. జమాఖర్చు లెక్కలు, వ్యాపార లేఖలు నేర్పు తెలుగు పుస్తకములకు ఒక బీరువా కేటాయింపవలెను.

యువకులారా! యువతులారా! ఈ రాత్రి యిండ్లకు పోయి ఒక తెల్లకాగితము తీసికొని, మీరు అంగడిలోనో, కుట్టుయంత్రము కడనో, పాల కేంద్రములోనో గడపిన కాలమునకు తేదీలు వేయుడు. చేసిన పనులు వరుసగా వ్రాయుడు. ప్రతి పని ప్రక్కను ఒక నిజమైన అంకె వేయుడు. ఏ అంకెకు ఏ ఆధారమున్నదో గుర్తింపుడు. ఆ పుట నిండిన పిమ్మట ‘పూర్వానుభవము’ అను గడిలో ‘లేదు’ అని వ్రాయుటకు మీ చేయి రాదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇచట వ్రాసిన దరఖాస్తులతో పనిలో కుదిరినవారే ముందు వరుసలో కూర్చుండవలెనని కోరుచున్నాను.